తూర్పు తీరాన నాలుగు గుమ్మటాలు

పరదేశంలో బ్రతికేవారికి సెలవు దినం వరమే గాని, దానిని గడపడం అంత తేలిక కాదు. ఆరు దినాలు పనిలో మునిగి ఉన్నప్పుడు తెలియని ఒంటరితనం, ఏడవ దినాన గది తలుపు మూయగానే ఎదురు నిలుస్తుంది. షార్జాలో నివసించే మేము ఐదుగురు మిత్రులం; గుంటూరు, కడప, కర్నూలు, కరీంనగర్, నిజామాబాదు జిల్లాల వారం. నెలకొక్కసారైనా నగరం దాటి ఏదో ఒక చోటు చూచి రావాలని నియమం పెట్టుకున్నాము.

2022 జనవరి నుండి యూఏఈ కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు శుక్రవారం మధ్యాహ్నం మొదలు ఆదివారం వరకు సెలవు. షార్జా ప్రభుత్వ కార్యాలయాలకైతే మూడు పూర్తి దినాలు. కాని కార్ఖానాలలోను, కట్టడాల పనులలోను ఉన్న అనేకులకు దక్కేది వారానికి ఒక్క దినమే. మాలో నిజామాబాదు సోదరుడు వెల్డరు. అతని సెలవు ఆదివారం గనుక మా ప్రయాణమూ ఆదివారమే. పెట్రోలు ఖర్చును సమాన వాటాలుగా కాక, ఎవరి జీతాన్ని బట్టి వారు భరిస్తాము. ఖర్చుకు జంకి ఏ ఒక్కరూ గదిలో మిగిలిపోకూడదన్నదే మా ఉద్దేశం.

గడచిన చలికాలంలో ఒక ఆదివారం ఫజ్ర్ నమాజు ముగించుకొని, బగారా అన్నం, దాల్చా డబ్బాలలో సర్దుకొని తూర్పు తీరానికి బయలుదేరాము. ఇసుక దిబ్బలు వెనుకబడగానే హజర్ పర్వతాలు మొదలవుతాయి. పచ్చదనం ఎరుగని రాతి కొండలవి. 2019లో ప్రారంభించిన ఖోర్ ఫక్కాన్ రహదారి వాటిని సొరంగాల గుండా దాటిస్తుంది. ఆవలి వైపు కనిపించేది ఒమన్ సింధుశాఖ. ఆ నీరే అరేబియా సముద్రంలో కలిసి మన దేశపు పడమటి తీరాన్ని తాకుతుంది. కొండల నడుమ ఒదిగిన ఖోర్ ఫక్కాన్ పాతకాలపు రేవు. 1507లో పోర్చుగీసు నౌకాదళం దీనిపై దాడి చేసింది.

అక్కడి నుండి తీరం వెంట కొద్ది దూరం ఉత్తరంగా సాగితే, ఫుజైరా ఎమిరేట్‌లోని అల్ బిదియా గ్రామం. యూఏఈలో నేటికీ నమాజు జరుగుతున్న మసీదులలో అతి పురాతనమైనదిగా పేరొందిన మసీదు ఇక్కడే ఉన్నది. సుమారు 1446 నాటిదని చెబుతారు. రాయి, మట్టి ఇటుక, పూత. ఇంతే దాని సామగ్రి. లోపల మధ్యన ఒకే ఒక్క స్తంభం. పైనున్న నాలుగు గుమ్మటాల భారమూ దానిమీదికే దిగుతుంది. గోడలలో ఖుర్ఆన్ ప్రతులుంచే గూళ్ళు, గాలికీ వెలుగుకూ చిన్న కిటికీలు. ఎండలోనుండి లోనికి అడుగిడగానే ఒంటికి చల్లదనం తగులుతుంది. వెనుక గుట్టపై పాత కావలి బురుజులు నిలిచి ఉన్నవి.

జుహ్ర్ నమాజు అక్కడే చేశాము. ఆ తీరాన కిబ్లా పడమటి దిక్కున ఉంటుంది, సముద్రం తూర్పున. కాబట్టి నమాజులో నిలిచినవాని వెనుక సముద్రం, ఆ సముద్రానికి ఆవల స్వదేశం ఉంటాయి. సలాం తర్వాత మా వెల్డరు సోదరుడు చాలాసేపు దువాలో ఉండిపోయాడు. ఏజెంటు అప్పు తీరక అతడు ఇంటికి వెళ్ళి నాలుగేళ్ళయింది. మునుపు సెలవు దినమంతా ముసుగు తన్ని పడుకునేవాడు. ఆనాడు బయటికి వచ్చి తల్లికి వీడియో కాల్ చేసి, గుమ్మటాలను ఒక్కొక్కటిగా చూపించాడు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఒక్క స్తంభం మీదనే నిలిచిందా బేటా?" అని. ఇంటి ఖర్చుల మాట, అప్పుల మాట ఆ పది నిమిషాలు ఇద్దరి మధ్యకూ రాలేదు.

గల్ఫ్ నుండి ఫోటో రాగానే "అక్కడ షికార్లు చేస్తున్నాడు, ఇక్కడికి పంపేది ఇంతేనా" అని నొచ్చుకునే ఇళ్ళు మనలో ఉన్నవి. ఆ బాధకు కారణం ఉండవచ్చు. కాని ఒక దినపు ప్రయాణంలో ఒక్కొక్కరి వాటా, గదిలో ఒంటరిగా కుమిలి జబ్బుపడితే అయ్యే ఖర్చుకన్న ఎంతో తక్కువ. మంచి స్నేహితులతో నాలుగు మాటలు, కలిసి చేసిన నమాజు, కలిసి తిన్న అన్నం. తర్వాతి ఆరు దినాల పనికి ఇవే బలం. ఈసారి మీ బిడ్డ ఏ కొండ దగ్గరి నుండో, ఏ మసీదు ముంగిట నుండో ఫోటో పంపితే, ఎంత ఖర్చయిందని అడగకముందు ఏమి చూశావని అడగండి.