పడవ పాట ఎవరిది?

మొన్న ఆదివారం సాయంత్రం పునుగుల కోసం మూకుట్లో నూనె పెట్టి, అల్లం పచ్చడికి మిక్సీ వేస్తుంటే హాల్లోంచి అరుపులు వినపడ్డాయి. మిక్సీ ఆపి విన్నాను. మావాడూ, వాడి స్నేహితులిద్దరూ. "నీకసలు తెలీదురా", "బుద్ధుండే మాట్లాడుతున్నావా" అంటూ గొంతులు లేస్తున్నాయి. ఇంజనీరింగ్ రెండో ఏడాది పిల్లలు. డబ్బుల గొడవో, పరీక్షల గొడవో, ఇంకేదన్నానో (ఆ వయసులో గొడవలు దేనికొస్తాయో మీకు తెలీదా ఏంటి) అని చిల్లుల గరిటె చేత్తో పట్టుకునే గుమ్మం దాకా వెళ్లాను.

తీరా చూస్తే గొడవ బీటిల్స్ గురించి.

నేను నిలబడి విన్నంతలో అర్థమైందిది. ఇంగ్లండులో లివర్‌పూల్ అనే ఊరి కుర్రాళ్లు నలుగురు 1962లో మొదటి రికార్డు తెచ్చి, 1970కల్లా విడిపోయారు. నేను పుట్టకముందే అయిపోయిన భాగోతం. ఇప్పుడు వీళ్ల తగువేంటంటే, వాళ్ల చివరి ఆల్బం ఏది అని. 1970 మే నెల్లో వచ్చింది కాబట్టి 'లెట్ ఇట్ బీ' అని ఒకడు. అందులో పాటలు చాలామటుకు 1969 జనవరిలోనే రికార్డు చేసి పక్కన పడేశారు, ఆ తర్వాత నలుగురూ మళ్లీ కూర్చుని చేసింది 'ఆబీ రోడ్', కాబట్టి అసలు చివరిది అదే అని మావాడు. మూడోవాడికి ఈ రెండూ ఆనవు. 1968లో వచ్చిన తెల్లట్ట ఆల్బమే గొప్పదంటాడు. అందులో పాటలు చాలావరకు వాళ్లు మన రిషీకేశ్‌లో ఆశ్రమంలో ఉన్నప్పుడు రాసుకున్నవట. "మన గంగ నీళ్లు తాగి రాశార్రా" అని వాడి గర్వం.

అది తేలకుండానే ఇంకోటి మొదలెట్టారు. ఆ నలుగురిలో లెనన్, మెకార్ట్నీ అనే ఇద్దరు, ఎవరు రాసినా ఇద్దరి పేర్లూ కలిపి వేసుకునేవాళ్లట. దాంతో ఏ పాట ఎవరిదో ఇప్పటికీ తగువే. ఒక పాట బాణీ అయితే నాదంటే నాదని ఇద్దరూ చెప్పుకున్నారట.

ఆ మాట వినగానే నూనె సంగతి మర్చిపోయాను. ఎందుకంటే ఈ తగువు నేను విన్నదే. పేర్లు వేరు, అంతే.

మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. ఘంటసాల పుట్టిన చౌటపల్లి మాకు సైకిలు మీద వెళ్లొచ్చేంత దూరం. మా నాన్నకి ఆయన గాయకుడు కాదు, చుట్టం. "మనవాడు" అనేవారు. (మా వైపు ఈ జబ్బు కాస్త ఎక్కువే లెండి. ఎన్టీఆర్ నిమ్మకూరు, ఏఎన్నార్ వెంకటరాఘవాపురం, ఎస్వీ రంగారావు నూజివీడు... 'మాయాబజార్' సినిమా అంతా మా జిల్లాలో తీసి మద్రాసుకి అరువిచ్చినట్టు మాట్లాడతారు.) 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయారని తెలిసిన రోజు నాన్న అన్నం ముట్టలేదని అమ్మ చెప్పేది. అప్పటికి అన్నయ్యకి మూడేళ్లు.

ఆ మూడేళ్లవాడే పెద్దయ్యి, మీసాలొచ్చి, ఇళయరాజా భక్తుడయ్యాడు.

బెజవాడలో చదువుకునేవాడు. అప్పట్లో బీసెంట్ రోడ్డులో క్యాసెట్ల షాపులుండేవి గుర్తుందా? కాగితం మీద పాటల పట్టీ రాసిస్తే ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి రెండ్రోజుల్లో ఇచ్చేవాళ్లు. ఎక్కువ పాటలు పడతాయని అన్నయ్య తొంభై నిమిషాలవి కొనేవాడు. ఆ టేపు పల్చగా ఉండి టేప్ రికార్డర్లో ఇట్టే చుట్టుకుపోయేది. చిక్కు తీసి, పెన్సిలు దూర్చి తిప్పి తిప్పి లోపలికి పంపించే ఉద్యోగం నాది. ఆ వాదాల్లో నాకిచ్చిన పాత్ర అదొక్కటే.

సెలవులకి వచ్చాడంటే చాలు, రాత్రి అన్నాల దగ్గర మొదలు. నాన్న పొగడ్త మొదలెట్టగానే అన్నయ్య దగ్గరున్న ఆయుధం ఒక్కటే. "మాయాబజార్‌కి ముందు పెట్టుకుంది సాలూరి రాజేశ్వరరావుని. నాలుగు పాటలకి బాణీలు ఆయనవే. పడవ పాట కూడా. ఆయన మధ్యలో మానుకుంటే మీవాడు వచ్చి పూర్తి చేశాడు." నాన్న కంచంలో చెయ్యి ఆగిపోయేది. "బాణీ కట్టేత్తే అయిపోద్దంటరా? వాయిద్యాలు కూర్చిందెవరు? దగ్గరుండి రికార్డు చేయించిందెవరు? పాడిందెవరు? తెర మీద పేరెవరిది పడింది?" "పేరు పడితే పాట వాళ్లదైపోద్దా?" "మరి పడవ పాట ఎవరిదంటావ్?" "సాలూరిది." "ఆ గొంతు తీసేసి వినిపించు చూద్దాం!"

ముప్ఫై అయిదేళ్ల కింద మా పెంకుటింటి వసారాలో తేలనిది, మా హాల్లో ఆ బీటిల్స్ పిల్లలకి మాత్రం తేల్తుందా?

ఒకసారి అన్నయ్య 'హౌ టు నేమ్ ఇట్' అనే క్యాసెట్ తెచ్చాడు. 1986లో ఇళయరాజా చేసింది. సినిమాది కాదు, మాటలుండవు, ఉత్త సంగీతం. త్యాగరాజుకీ, బాఖ్ అనే జర్మనీ ఆయనకీ అంకితమిచ్చాడు. "ఆయన వాయిద్యం వాయిద్యానికీ స్వరాలు తనే కాగితం మీద రాసిచ్చేస్తాడు నాన్నా, ఒక్కసారి కళ్లు మూసుకుని విను" అని బతిమాలాడు. నాన్న నిజంగానే కళ్లు మూసుకున్నారు. పది నిమిషాలయ్యాక తెరిచి, "బానే ఉందిరా, పాటెప్పుడొస్తుంది?" అన్నారు. అన్నయ్య రెండ్రోజులు మాట్లాడలేదు.

1990 మే తుఫాను మా వైపు వాళ్లెవరూ మర్చిపోలేరు. మే 9నే 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదల. పాటలు అన్నయ్యకి అప్పటికే కంఠతా వచ్చేశాయి, మొదటి ఆట చూడాలని పథకం. ఊరు దాటే దారేదీ? చెట్లు పడిపోయాయి, కరెంటు పోయింది, పెంకులు లేచిపోతున్నాయి. అమ్మ గిన్నెలన్నీ కారే చోట పెట్టింది. ఇంట్లో మిగిలిన సెల్స్ నాలుగే. రేడియోలో తుఫాను వార్తలు వినాలని నాన్న, టేప్ రికార్డర్లో వెయ్యాలని అన్నయ్య. పైకప్పు ఉంటుందో ఊడుతుందో తెలియని రాత్రి, లాంతరు పెట్టుకుని మళ్లీ ఘంటసాల, ఇళయరాజా! ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది కానీ, నాకప్పుడు పదమూడేళ్లు. వాళ్ల గొంతులు అలా గట్టిగా వినపడుతుంటే గాలి హోరు వినపడేది కాదు. వాళ్లిద్దరూ ఆపితే భయమేసేది.

ఆ సెల్స్ తర్వాత ఎండలో పెట్టి మళ్లీ వాడారు. పాటలన్నీ సాగిపోయి, బాలు గొంతు రాక్షసుడి గొంతులా వచ్చింది. "ఇప్పుడు బావున్నాడ్రా మీవాడు" అన్నారు నాన్న.

ఇన్నేళ్ల వాదంలో నన్నెవరూ ఒక్క మాట అడగలేదు. నేను బియ్యే తెలుగులో చేరాక నా మనసులో నాకో జవాబు తయారైంది. నాన్న కన్నీళ్లు పెట్టుకునే మాయాబజార్ పాటలు రాసింది పింగళి నాగేంద్రరావు, బందరులో నాటకాలు రాసిన మనిషి. అన్నయ్య ఊగిపోయే పాటల్లో సగానికి పైగా వేటూరివి. ఆయనది పెదకళ్లేపల్లి, అదీ మా జిల్లాయే. బాణీ ఎవరిదని ఒకరూ, గొంతు ఎవరిదని ఒకరూ కొట్టుకుంటున్నారు గానీ, మాట ఎవరిదని అడిగిన పాపాన పోలేదు ఇద్దరూ. నాకు చెప్పాలని నాలిక చివరిదాకా వచ్చేది. అంతలోకి "అమ్మాయ్, మజ్జిగ పట్రా" అనేవాళ్లు.

సరే, నన్నడగలేదు. అమ్మనడిగారా? నేను మాత్రం అడిగానా?

అమ్మ పోయి రెండేళ్లయింది. ఆ రోజు వైకుంఠ రథానికి పెట్టిన స్పీకర్లో ఘంటసాల భగవద్గీత. ఇప్పుడది ఆనవాయితీ అయిపోయింది కదా, ఏ వీధిలో ఆ గొంతు వినపడినా ఎవరో పోయారనుకుంటాం. ఆయన ఆఖరి రోజుల్లో అంత కష్టపడి పాడిన గీతని చావు పాట చేశారని నాన్న ఎప్పుడూ విసుక్కునేవారు. ఆ రోజు మాత్రం విసుక్కోలేదు. డ్రైవరు దగ్గరికి నెమ్మదిగా వెళ్లి, "కాస్త ఆపు బాబూ" అన్నారు, అంతే. ఆ తర్వాత ఆయన ఘంటసాలని వినలేదు. ఊళ్లో ఇంటికి తాళం వేసి పటమటలో మా ఇంటికొచ్చేశారు. రేడియో ఒద్దన్నారు. మావాడు ఫోన్లో పెట్టబోతే "తర్వాత చూద్దాం లేరా" అన్నారు. పొద్దున పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం బాల్కనీ.

అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. ప్రతి ఆదివారం రాత్రి వీడియో కాల్ చేస్తాడు. "మందులు వేసుకున్నావా?" "ఆఁ." "షుగరెంతుంది?" "బానే ఉంది." "సరే, జాగ్రత్త." నేను గడియారం చూశాను, మూడు నిమిషాలు దాటదు. తుఫాను రాత్రి తెల్లవార్లూ కొట్టుకున్న మనుషులు.

పునుగులు మొదటి వాయి నల్లగా మాడాయని వేరే చెప్పక్కర్లేదుగా. పిల్లలు అవే తిని, తగువు తేల్చుకోకుండానే వెళ్లిపోయారు. నాకు మాత్రం మనసు అక్కడే ఉండిపోయింది.

ఆ రాత్రి కాల్ వచ్చింది. మందులయ్యాయి, షుగరయ్యింది. "సరే, జాగ్రత్త" అనబోతుండగా నేను ఫోను లాక్కుని, నాన్నకి చెవి మిషన్లో స్పష్టంగా పడేలా, "అన్నయ్యా, నువ్వు చెప్పిందే కరెక్టు. మాయాబజార్ గొప్పంతా సాలూరిదేనట. ఘంటసాల ఊరికే పాడాడంతే" అన్నాను. (దేవుడా, క్షమించు.)

అన్నయ్య తెల్లబోయాడు. నాన్న కాసేపు ఏమీ అనలేదు. మిషన్ పని చెయ్యట్లేదేమో అనుకున్నాను. తర్వాత, "ఫోనిటివ్వు" అన్నారు.

"ఊరికే పాడాడా? ఎవడ్రా అంది? బాణీలు నాలుగే, సినిమాలో పాటలెన్ని? లెక్కరాదా నీకు?"

"నేనన్లేదు నాన్నా, అది అంది..."

"నువ్వంటేనే కదా అది అంది! ముప్ఫై అయిదేళ్లు నూరిపోశావ్!"

అంతే. అన్నయ్య అక్కడ ఆఫీసు పని పక్కన పెట్టి, కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చున్నాడు. సాలూరి, ఘంటసాల, శంకరాభరణం, అందులో బాలు కాకుండా ఇంకొకరు పాడితే ఎలా ఉండేదని ఒకటి, సాగర సంగమానికి జాతీయ అవార్డిస్తే మాయాబజార్‌కి ఎందుకివ్వలేదని ఒకటి... ఇళయరాజాని నాన్న 'మీ అరవాయన' అనగానే అన్నయ్య చెయ్యి స్క్రీను దాటి వచ్చేస్తుందేమో అన్నట్టు ఊపాడు. మావారు క్రికెట్ ఆపేసి వచ్చి కూర్చున్నారు. మావాడు నేల మీద చతికిలబడి, తన బీటిల్స్ కథ తాతకి చెప్పాడు. నాన్న శ్రద్ధగా విని, "పాడిందెవరు?" అని అడిగారు. "ఇద్దరూ పాడతారు తాతా." "అందుకే తేల్లేదు."

నలభై నిమిషాలయ్యాక మావాడే అడిగాడు. "అమ్మమ్మకెవరిష్టం తాతా?"

ఎవరూ మాట్లాడలేదు. స్క్రీన్లో అన్నయ్య తల దించుకున్నాడు. నేను వంటింటి వైపు చూశాను. అమ్మ వంటింట్లో ఏవో కూనిరాగాలు తీసేదని నాకు తెలుసు. ఏవి అంటే మాత్రం ఒక్కటీ చెప్పలేను.

"లీల" అన్నారు నాన్న. "పి. లీల పాటలు పాడుకునేది. పడవ పాటలో ఆవిడ గొంతుంటుంది చూడూ, అక్కడ మాత్రం మీ అమ్మమ్మ పైకి పాడేది. నేను రేడియో సౌండు పెంచేవాణ్ణి, ఘంటసాల వినపడ్డం లేదని."

చెవి మిషన్ తీసి పంచెకి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"నీకెవరిష్టమే అమ్మాయ్?"

ముందు నాకేం తోచలేదు. తర్వాత స్టూలు లాక్కుని మధ్యలో కూర్చుని, "మీరిద్దరూ అసలు మాట గురించే అనరేం? పింగళి లేకపోతే మీ ఘంటసాల ఏం పాడతాడు? వేటూరి లేకపోతే..." అన్నానో లేదో,

"వేటూరా!" అన్నారు నాన్న అక్కణ్ణుంచి.

"ఆగు నాన్నా, దాన్ని చెప్పనీ" అన్నాడు అన్నయ్య. "అయినా బాణీ ముందు కట్టాకే కదే మాట పడేది?"

"అన్ని పాటలకీ కాదు" అన్నాను నేను. "ముందు నేను చెప్పేది వినండి."