ఊరు తేల్చేసిన కేసు

ఇంగ్లండ్‌లోని బకింగ్‌హామ్‌షైర్ కౌంటీ అంతా గాలించినా లిటిల్ కిల్టన్ అనే ఊరు కనిపించదు. అది రచయిత్రి హాలీ జాక్సన్ కల్పించిన ఊరు. ఆమె పెరిగింది ఆ కౌంటీలోనే కాబట్టి గ్రామర్ స్కూలు, హై స్ట్రీట్, ఊరి చివర అడవి, ఒకరింటి సంగతి ఇంకొకరికి ఇట్టే తెలిసిపోయే వాతావరణం, అన్నీ నిజంగా ఉన్నట్టే అనిపిస్తాయి. 2019లో వచ్చిన ఆమె తొలి నవల ‘ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్’ కథంతా ఆ ఊళ్ళోనే. టీనేజీ పిల్లల కోసం రాసిన హత్యా పరిశోధన. లండన్ పక్కన స్లౌలో ఉంటున్న ఒక తెలుగు కుటుంబంలోకి అది పదహారేళ్ళ అమ్మాయి స్కూలు బ్యాగులో వచ్చింది.

పేరులో మర్డర్ అని ఉండేసరికి తల్లి దాన్ని చేతిలోకి తీసుకుంది. ఆమెది తెనాలి. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు నవలలు తెచ్చుకుని డిటెక్టివ్ యుగంధర్ వెంట తిరిగిన మనిషి. కూతురు చదవదగిందో కాదో నాలుగు పేజీలు తిరగేసి చూద్దామనుకుంది. పొద్దున్నే ఆఫీసుందని తెలిసీ అర్ధరాత్రి దాటేదాకా వదల్లేదు.

కథ ఇదీ. ఐదేళ్ళ కిందట ఆండీ బెల్ అనే స్కూలమ్మాయి మాయమైంది. కొద్దిరోజులకే ఆమె ప్రేమికుడు సాల్ సింగ్ అడవిలో శవమై కనిపించాడు. ఆండీ శవం మాత్రం దొరకనేలేదు. సాలే ఆమెను చంపి తానూ ప్రాణం తీసుకున్నాడని పోలీసులు చెప్పారు, పత్రికలు రాశాయి, ఊరు నమ్మింది. నిందితుడే లేడు కాబట్టి విచారణ జరగలేదు, అతని తరఫున వాదించినవాళ్ళూ లేరు. పదిహేడేళ్ళ పిప్ అనే అమ్మాయికి మాత్రం ఆ కథ నమ్మబుద్ధి కాదు. తనకు తెలిసిన సాల్ అలాంటివాడు కాడు.

యుగంధర్ దగ్గరకైతే కేసులు నడిచి వస్తాయి. పోలీసులే కబురు పెడతారు, పక్కన అసిస్టెంట్ రాజు ఉంటాడు. పిప్ చేతిలో ఉన్నది ఒక స్కూలు ఫారం. ఇంగ్లండ్‌లో ఏ-లెవెల్స్ చదివే పిల్లలు ఎక్స్‌టెండెడ్ ప్రాజెక్ట్ క్వాలిఫికేషన్, అంటే ఈపీక్యూ, చేయొచ్చు. విషయం వాళ్ళే ఎంచుకుని పరిశోధించి, మామూలుగా 5000 పదాల వ్యాసం రాస్తారు. ఎప్పుడేం చేశారో ప్రొడక్షన్ లాగ్‌లో రాసుకుంటూ పోవాలి. ఏ-స్టార్ వస్తే యూనివర్సిటీ అడ్మిషన్లకు 28 యూకాస్ పాయింట్లు, అంటే ఒక ఏ-లెవెల్ సబ్జెక్టుకు ఇచ్చేదాంట్లో సగం. పిప్ ఈ హత్య కేసునే తన ఈపీక్యూగా పెట్టుకుంటుంది. రెండు కుటుంబాల జోలికీ వెళ్ళకూడదనే షరతు మీద టీచర్ ఒప్పుకుంటుంది. పిప్ మొదట వెళ్ళేది సాల్ తమ్ముడు రవి ఇంటికే.

నవల అందం ఆ ప్రాజెక్టు కాగితాల్లో ఉంది. మామూలు కథనం కాసేపు నడుస్తుంది, అంతలో లాగ్ పేజీ వస్తుంది, తర్వాత ఇంటర్వ్యూలో ఎవరేమన్నారో అక్షరం పొల్లుపోకుండా, ఆపైన చేత్తో గీసినట్టున్న మ్యాపు. అనుమానితుల జాబితా పెరుగుతూ పోతుంది. పిప్ చూసిన ఆధారాలన్నీ పాఠకుల కళ్ళముందూ ఉంటాయి. కూతురు పెన్సిల్ పట్టుకుని టైములు రాసుకుంటూ చదివింది, హంతకుడు ఎవరో ముందే పట్టేయాలని. స్కూల్లో ఈపీక్యూ ప్రస్తావన రావడంతో ఆ పిల్లకు అది మరీ సొంతంగా తోచింది. ఈ నవలను బీబీసీ 2024లో ఆరు ఎపిసోడ్ల సిరీస్‌గా తీసింది, పిప్‌గా ఎమ్మా మైయర్స్ బాగానే చేసింది కూడా. కానీ ఆ కాగితాలు తిరగేయడంలోని మజా తెర మీద రాదు.

తల్లి కళ్ళు మాత్రం హంతకుడి మీద లేవు, సింగ్‌ల ఇంటి మీదే ఉన్నాయి. మొదటి అధ్యాయంలోనే ఆ ఇల్లు కనిపిస్తుంది. దాని ముందుకు రాగానే జనం మాట తగ్గించి నడక పెంచుతారు. దయ్యాల కొంపను చూసినట్టు చూస్తారు. కొడుకు పోయిన ఇల్లది. ఆ తల్లిదండ్రులకు బిడ్డ కోసం నలుగురిలో ఏడ్చే హక్కు కూడా ఊరు మిగల్చలేదు. అన్న తప్పు చేయలేదని రవికి తెలుసు. కానీ సింగ్‌ల పిల్లాడు వెళ్ళి తలుపు కొడితే ఎవరు తీస్తారు? ప్రశ్నలు అవే అయినా పిప్ అడిగితే జవాబు వస్తుంది.

నలుగురూ ఏమనుకుంటారో అన్న మాట వింటూ పెరిగిన ఆమెకు, ఆ నలుగురూ కలిసి ఒక ఇంటిని ఎలా వెలివేస్తారో ఇంగ్లిష్ పల్లెలో చూస్తే గుండెల్లో కలుక్కుమంది. పరాయి దేశంలో మగపిల్లాడిని పెంచుతున్న మన కుటుంబాలు ఈ పుస్తకం చదవాల్సింది ఇందుకే. చర్మం రంగు గురించి నవల ఉపన్యాసం ఇవ్వదు. ఎవరి మాట చెల్లుతుందో, ఎవరిది చెల్లదో చూపిస్తుంది.

తల్లి డాలస్‌లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, నువ్వూ చదవమని చెప్పింది. వారం తర్వాత ఆ చెల్లెలే ఫోన్ చేసింది. “అక్కా, ఫెయిర్‌వ్యూ జనం ఏం మనుషులే!” ఈమెకు అర్థం కాలేదు. “ఫెయిర్‌వ్యూ ఏంటే? కిల్టన్ కదా!” ఇద్దరూ కాసేపు వాదించుకున్నాక కూతురు ఫోన్ అందుకుంది. “పిన్నీ, మీ ఎడిషన్ వేరు. అమెరికాకి మార్చేశారు.” నిజమే. 2020లో వచ్చిన అమెరికన్ ప్రతిలో ఊరు కనెటికట్‌లోని ఫెయిర్‌వ్యూ అయింది, ఈపీక్యూ సీనియర్ క్యాప్‌స్టోన్ ప్రాజెక్ట్ అయింది. సింగ్ కుటుంబం మాత్రం మారలేదు, జనం చూపూ మారలేదు. అట్లాంటిక్‌కు అటూ ఇటూ ఏ మార్పూ లేకుండా ఆ భాగం సరిపోయిందంటే ఆలోచించాల్సిందే.

పిల్లల పుస్తకమే అయినా ఇందులో డ్రగ్స్ అమ్మకాలున్నాయి, పార్టీల్లో అమ్మాయిల గ్లాసుల్లో మత్తుమందు కలపడం ఉంది. కొందరు తల్లిదండ్రులు ఈ మాట వినగానే పుస్తకం లాగేసుకుంటారు. ఈ తల్లి ఆ పేజీల గురించే కూతుర్ని అడిగింది. ఈ కబుర్లు స్కూల్లో వినబడతాయా, పార్టీలో గ్లాసు వదిలి వెళ్తే ఏం చేయాలి అని. సూటిగా అడిగితే ముడుచుకుపోయే పిల్ల, ఆండీ పేరు మీద, పిప్ పేరు మీద చాలాసేపు మాట్లాడింది.

తర్వాతి భాగాలు ‘గుడ్ గర్ల్, బ్యాడ్ బ్లడ్’ 2020లో, ‘ఆజ్ గుడ్ ఆజ్ డెడ్’ 2021లో వచ్చాయి. మూడోది బాగా చీకటి పుస్తకం. అందులో పిప్ తీసుకునే నిర్ణయం దగ్గర తల్లీకూతుళ్ళకు పడలేదు. పోలీసులు వినకపోతే ఆ పిల్ల ఇంకేం చేస్తుందని కూతురు. సాక్ష్యం లేకుండా తీర్పు చెప్పిన ఊరితో పోరాడిన పిల్ల, తానే తీర్పు చెప్పడానికి కూర్చుంటే ఎలాగని తల్లి. డాలస్ చెల్లెలు ఇంకా రెండో పుస్తకంలోనే ఉంది కాబట్టి, ఆమె లైన్లో ఉన్నప్పుడు ఆ వాదన ఎత్తకూడదని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు.