బిగిసిన దవడకు మూడు నెలల సెలవు

ఆవలింత వస్తే చాలు, ఆమె చెయ్యి దానంతటదే గడ్డం కిందికి వెళ్లేది. నోరు రెండు వేళ్ల మందానికి మించి తెరుచుకోదు. కాస్త ఎక్కువ తెరిస్తే చెవి ముందు టక్కుమనే చప్పుడు, ఆ వెంటే కణత దాకా పాకే నొప్పి. భిలాయి సెక్టర్ 7లోని ఆ క్వార్టర్‌లో ఆరేళ్లపాటు ఇదే వరస. సంక్రాంతికి శ్రీకాకుళం నుంచి చుట్టాలు తెచ్చే జంతికలు అందరికీ పంచి, ఆమె మాత్రం అరిసె ముక్కను టీలో నానబెట్టుకునేవారు.

మొదట చెవి అనుకున్నారు, చుక్కల మందు వేశారు. తర్వాత పన్ను అనుకున్నారు. ఏ పాపం ఎరగని పన్ను ఒకటి రూట్ కెనాల్ పాలైంది. అసలు దోషి దవడ కీలని తేలేసరికి మూడేళ్లు గడిచాయి. ఆమె ఒక్కరి దురదృష్టమేమీ కాదిది. కింది దవడను పుర్రెతో కలిపే ఆ కీలు చెవికి ఆనుకునే ఉంటుంది, దాని నొప్పి చెవిపోటుగానో పంటిపోటుగానో తలనొప్పిగానో వేషం మార్చుకుని వస్తుంది. పైగా చాలామందిలో బాధ కీలుది కాదు, దాన్ని నడిపే కండరాలది.

"అమ్మా, బొటాక్స్ చేయించేద్దాం. ఇక్కడ మామూలే" అంది హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు.

"ముడతలకు చేసేదా? ఈ వయసులో నాకేటే అది!"

ఆ ఇంజెక్షన్‌కు ముడతల పేరు తర్వాతెప్పుడో వచ్చింది. అది బోట్యులినమ్ అనే విషం. పాడైన సాసేజ్‌లు తిని చచ్చుబడిపోయిన వారిని చూసి 1820లలోనే జర్మన్ వైద్యుడు యుస్టినస్ కెర్నర్ దాని గురించి వివరంగా రాశాడు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1989లో దాన్ని మందుగా అనుమతించింది మెల్లకన్నుకు, కనురెప్పల ఈడ్పులకు. కనుబొమల మధ్య ముడతల వంతు 2002లో, దీర్ఘకాలిక మైగ్రేన్ వంతు 2010లో వచ్చాయి. దవడ కీలు నొప్పికి మాత్రం ఆ సంస్థ ఆమోదం లేదు. వైద్యులు తమ విచక్షణ మీదే ఇస్తున్నారు.

హైదరాబాద్‌లో పని పావుగంటలో ముగిసింది. పళ్లు బిగించమని, చెంపలో ఉబ్బిన మాసెటర్ కండరాన్ని వేలితో తడిమి సన్నటి సూదితో కొన్ని పోట్లు, కణతల దగ్గర మరికొన్ని. కండరాన్ని బిగించమని నరం పంపే రసాయన సందేశాన్ని ఈ మందు ఆపేస్తుంది. నరం కోలుకునే దాకా, అంటే సుమారు మూడు నాలుగు నెలలు, కండరం సగం సెలవులో ఉంటుంది.

పదో రోజుకు నొప్పి తగ్గింది. పొద్దున్నే కణతలు పట్టుకుని లేచే అవసరం లేకపోయింది. కానీ చపాతీ నమలడానికి దవడ అలిసిపోయేది, నవ్వితే ఒక పక్క కాస్త వెనకబడేది. నాలుగో నెలలో పాత నొప్పి, చిరునామా మరచిపోకుండా, తిరిగొచ్చింది.

మళ్లీ సూదా? ఖర్చు ఒక్కసారిది కాదు, ఏడాదికి మూడు నాలుగుసార్లది. మాటిమాటికీ చేయిస్తే కండరం సన్నబడుతుంది. జంతువులపై జరిగిన ప్రయోగాల్లో దవడ ఎముక పలచబడటమూ కనిపించింది. కీలు నొప్పికి ఏది మేలో తేల్చేందుకు 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకం బొటాక్స్‌ను వద్దనే వైపు పెట్టింది, ఖండితంగా కాకపోయినా. ముందుకు తెచ్చింది దవడ వ్యాయామాలను, ఫిజియోథెరపిస్టు చేతి చికిత్సను, నొప్పితో మెలగడం నేర్పే మానసిక చికిత్సను. అద్దాల క్లినిక్‌లో వీటికి బోర్డు కనిపించదు. అమ్మడానికి సీసా లేదు కదా.

భిలాయిలో ఆమె వెళ్లిన ఫిజియోథెరపిస్టు ఒక్కటే పని చెప్పింది: పెదాలు కలిసి ఉండాలి, పళ్లు కాదు. రోజుకు పదిసార్లు గమనించుకోమంది. గమనిస్తే తెలిసింది, బియ్యం ఏరుతున్నా, టీవీ చూస్తున్నా పళ్లు బిగిసే ఉన్నాయి. రాత్రి పదిన్నర దాటితే మరీనూ. ఇరవై ఎనిమిదేళ్లు భర్త ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు చేశారు. నైట్ షిఫ్ట్ ఉన్నన్నాళ్లూ తెల్లారి స్కూటర్ చప్పుడు వినబడేదాకా ఆమెది సగం నిద్రే. ఆయన రిటైరై రెండేళ్లయింది. ఆ సంగతి దవడకు ఎవరూ చెప్పలేదు.

"ఏటి, ఇంకా పడుకోలేదా?" అంటారాయన, పక్క మంచం మీంచే.

వ్యాయామాలు మొదలెట్టి అయిదు నెలలు. నొప్పి పోలేదు, వారంలో రెండు మూడు రోజులకు తగ్గింది. నోరు మూడు వేళ్ల దాకా తెరుచుకుంటోంది. కూతురు తీసుకున్న రెండో అపాయింట్‌మెంట్‌ను ఆమె రద్దు చేయలేదు, దసరా తర్వాతకు జరిపారు. ఈలోగా ఫ్రిజ్ తలుపు మీద, గ్యాస్ పొయ్యి పక్కన, పూజ గది గడప దగ్గర ఎర్ర బిందీలు అంటించారు. ఒక్కోటి కంటబడినప్పుడల్లా పళ్లు విడదీయడానికి.