సింధు తీరాన ఒక వెచ్చని ఇల్లు

సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున నెలకొన్న లేహ్ పట్టణం నుండి శ్రీనగర్ దారిన పడమరగా సాగిపోతే, నిమ్ము గ్రామం వద్ద జంస్కార్ నది సింధువులో సంగమిస్తుంది. ఆ సంగమానికి దిగువన, ఆల్చీ గ్రామ సమీపంలో, 2014 ఆగస్టులో జాతికి అంకితమైన 45 మెగావాట్ల నిమ్మో-బాజ్గో జలవిద్యుత్ కేంద్రం ఉన్నది. 2023 జనవరిలో కార్యార్థమై అక్కడికి వెళ్ళిన మేము, ఒక లడఖీ సహోద్యోగి ఆహ్వానంపై సమీపంలోని ఆయన స్వగ్రామంలో రెండు రోజులు గడిపాము. ఆల్చీ విహారపు కుడ్యచిత్రాల ప్రశస్తి పాఠకులు ఎరిగినదే. మేము విన్నవించదలచినది ఒక పాత ఇంటిని గురించి.

కృష్ణా తీరాన పుట్టి పెరిగిన మాకు చలి అంటే ధనుర్మాసపు తెల్లవారుజామున కప్పుకునే దుప్పటి, భోగినాటి మంట. లడఖ్ చలి వేరు. రాత్రివేళ ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై డిగ్రీల దిగువకు సైతం జారుతుంది. బిందెలోని నీరు గడ్డకడుతుంది. అయితే ప్రకృతి ఒక చేత తీసుకున్నది మరొక చేత ఇచ్చింది. వాన, మబ్బు అరుదైన ఆ ఎడారిలో శీతకాలపు పగలు కూడా ఎండ నిండుగా కాస్తుంది.

మా మిత్రునికి ఆ ఇల్లు 2018లో తండ్రిగారి అనంతరం సంక్రమించింది. మట్టి ఇటుకల మందపాటి గోడలు, పోప్లార్ దూలాలు, వాటిపై విల్లో రెమ్మలు, గడ్డి పరచి మట్టితో కప్పిన మిద్దె. వంటగది మాత్రం ఉత్తరపు వైపున ఉన్నది. అందులో పిడకలు, కట్టెలు మింగే పాత పొయ్యి, తుప్పుపట్టిన పొగగొట్టం గల బుఖారీ ఉండేవి. మంట ఉన్నంతసేపు ముఖం కాలేది, వీపు వణికేది. మంట ఆరిన గంటకే గది మంచుముద్ద. పొగకు వృద్ధమాత దగ్గు ఏటికేడు ముదిరింది. ఆమెను చలికాలంలో లేహ్‌లోని అద్దెగదికి తరలించి, పశువులను అమ్మి, ఇంటికి తాళం వేయడమొక్కటే దారి అని బంధువులు తేల్చారు. ఆ తల్లి ససేమిరా అన్నది. ఇల్లు నిలవడమా, మూతపడడమా అన్నది ఆ చలిమీద ఆధారపడి ఉన్నది.

“విద్యుత్కేంద్రం చెంతనే ఉండి హీటరు పెట్టుకోరాదా?” అని అడిగాము. ఆయన నవ్వి ఇలా అన్నారు: “చలి ముదిరినప్పుడు ఎగువన నీరు గడ్డకట్టి సింధు సన్నబడుతుంది. అందరికీ వేడి కావలసిన వేళకే నదిలో నీరు తక్కువ. పైగా చిల్లికుండలో ఎంత నీరు పోసినా నిలుస్తుందా? ముందు చిల్లులు పూడ్చాలి.”

ఆయన చేతిలో ఉన్నది ఒక ఏడాది బోనసు, కొంత పి.ఎఫ్. అడ్వాన్సు మాత్రమే. అందుచేత పనిని మూడేళ్ళకు పంచుకున్నారు. మొదటి ఏడు కొత్త పొయ్యి జోలికే పోలేదు. మిద్దె క్రింద చెక్కల లోకప్పు వేసి, నడుమ ఎండుగడ్డి, రంపపు పొట్టు దట్టించారు. తలుపు సందులను ముతక ఉన్నితో మూశారు. గుమ్మం ముందు చిన్న వసారా కట్టి రెండవ తలుపు అమర్చారు. ఖర్చు స్వల్పం, ఫలితం అధికం.

రెండవ ఏడు దక్షిణపు గది వంతు. అక్కడ డిసెంబరు చివర మధ్యాహ్న సూర్యుడు సుమారు 32 డిగ్రీల ఎత్తునే ఉంటాడు. కాబట్టి దక్షిణపు గోడమీద ఎండ నేరుగా పడుతుంది. ఆ గోడకు నల్లరంగు పూసి, కొద్ది ఎడంతో పాత కిటికీల అద్దాలు బిగించారు. అడుగునా పైనా కన్నాలు పెట్టారు. పగలు వేడెక్కిన గాలి పై కన్నం గుండా గదిలోకి వస్తుంది; చల్లని గాలి క్రింది కన్నం గుండా వెలుపలికి పోయి మరల వేడెక్కుతుంది. రాత్రి కన్నాలు మూస్తారు. గోడ తాను దాచుకున్న వేడిని మెల్లగా గదికి ఇస్తుంది. ఫ్రెంచి ఇంజనీరు ట్రోంబ్ పేరుతో ప్రసిద్ధికెక్కిన ఈ గోడ లడఖ్‌లో పలుచోట్ల కనిపిస్తుంది. వేసవిలో సూర్యుడు నడినెత్తికి చేరువగా వెళ్ళడం వల్ల, ముందుకు పొడిగించిన చూరు నీడ ఆ గోడను కాపాడుతుంది.

మూడవ ఏడు బుఖారీకి కొత్త పొగగొట్టం వేసి, గాలి ఆడేందుకు చిన్న రంధ్రం విడిచారు. సందులన్నీ మూసిన గదిలో ఆ రంధ్రం ప్రాణరక్షణ. బొగ్గుపులుసు వాయువుకన్న ప్రమాదకరమైన కార్బన్ మోనాక్సైడు కంటికి కనబడదు, వాసనకు అందదు.

అన్నిటికన్న కష్టమైన పని తల్లిని ఒప్పించడం. లడఖీలకు పొయ్యి దేవతాస్థానం; దానిని కదల్చడం అపచారమని ఆమె భావన. కుమారుడు వాదించలేదు. పాత పొయ్యిని తాకకుండా ఉంచి, దక్షిణపు గదిలో ఒక తివాచీ మాత్రం పరచారు. ఆమె ఉన్ని వడుకుటకు పగటిపూట అక్కడ కూర్చోసాగింది. కొన్ని వారాలకు ఇత్తడి గిన్నెలను తానే ఒక్కొక్కటిగా తెచ్చి అక్కడి అరలో పేర్చుకున్నది. పాత పొయ్యి లోసార్ పండుగనాడు నేటికీ వెలుగుతున్నది.

మేము బస చేసిన తెల్లవారుజామున, బుఖారీ ఆరిన చాలాసేపటికి కూడా, లోపలి థర్మామీటరు 9 డిగ్రీలు చూపింది. వెలుపల సున్నాకు 14 దిగువన ఉన్నది. మునుపు శీతకాలం సగంలోనే నిండుకునే పిడకల గుట్ట ఈసారి పొలానికి ఎరువుగా కూడా మిగలనున్నదట. తల్లి దగ్గు తగ్గుముఖం పట్టింది. పశువులు కొట్టంలోనే ఉన్నాయి.

విద్యుత్తును ఉత్పత్తి చేయడం మన వృత్తి. కాని ఉన్న వేడిని పోనీయకుండా నిలుపుకొనడం కూడా ఉత్పత్తితో సమానమేనని ఆ మట్టి ఇల్లు మాకు బోధించింది. స్వగ్రామాలలో పెద్దలు విడిచిన ఇళ్ళు మనలో ఎందరికో ఉన్నవి. వాటిని పడగొట్టే ముందు, ఎండ ఎటు పడుతున్నదో, గాలి ఎటు దూరుతున్నదో ఒకసారి చూడడం మంచిది. మన ప్రాంతంలో సమస్య చలి కాదు, ఎండ. అయినను లెక్క ఒక్కటే.