నడుము - నిలుకడ

మన భాషలో శ్రమయంతయు నడుముపై మోపబడియున్నది. పని ప్రారంభించువాడు నడుము కట్టును. పట్టుదల గలవాడు నడుము బిగించును. అలసినవాడు నడుము వాల్చును. నష్టపడినవాడు నడుము విరిగినదని వాపోవును. ఇంత పని చేయు అవయవమును గూర్చి మనమెరిగినదెంత? నొప్పి పుట్టినపుడు తప్ప దానిని తలచువాడు లేడు. తలచినపుడును, దానిని గూర్చి ఇండ్లలో చెల్లుబడియగుచున్న మాటలలో పెక్కు తప్పుమాటలే. ఆ మాటలవలన కలుగు కీడు, నొప్పివలన కలుగు కీడుకంటె తక్కువది కాదని నేను కన్నులార చూచితిని. అందుచేత నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఈ నొప్పి క్రొత్తది కాదు. చరకసంహిత వాతవ్యాధులను వర్ణించుచోట గృధ్రసిని పేర్కొన్నది. పిరుదునుండి తొడ వెనుకగా పిక్కవఱకు దిగు నొప్పి యది. ఆ రోగి గృధ్రము నడచినట్లు నడచుటచే నా పేరు వచ్చినదని పండితులు చెప్పుదురు. ప్రాచీనులు ఈ వ్యాధికి పేరు పెట్టునపుడు బాధను గాక నడకను చూచిరన్నమాట. ఈ దృష్టి మిక్కిలి విలువైనది. నడుమునొప్పి నడుములోనే యుండిపోవునది కాదు. మనుష్యుడు నిలుచు తీరును, తిరుగు తీరును, తుదకు తన కాళ్లపై తనకు గల నమ్మకమును గూడ మార్చివేయును. లోకమంతట మనుష్యులను పనికి దూరము చేయు కారణములలో నిదియే మొదటిదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. 2020లో 61 కోట్ల 90 లక్షలమంది దీనితో బాధపడిరని లెక్క. 2050 నాటికి ఈ సంఖ్య 84 కోట్లు దాటునని అంచనా. వీరిలో పురుషులకంటె స్త్రీలే యెక్కువ.

మన పల్లెలలో నడుము పట్టినవానికి ఒక చికిత్స కలదు. ఎదురుకాళ్లతో పుట్టినవానిని వెదకి తెచ్చి, నడుముపై తన్నించుకొనుట. నాకు తెలిసిన చదువుకొన్న గృహస్థులును ఈ పాదసేవకు నోచుకొన్నారు. వారిలో పలువురు, “తన్నిన మూడు నాళ్లకు తగ్గినది” అని ప్రమాణము చేసి చెప్పుదురు. వారు అబద్ధమాడుట లేదు. హఠాత్తుగా పట్టిన నడుమునొప్పి చాలమందిలో కొన్ని వారములలో దానంతట అదియే తగ్గుముఖము పట్టును. తగ్గుదలకు ముందు దినమున ఎవడు తన్నిన వానికి ఆ కీర్తి దక్కును. తైలమునకును, తాయెత్తునకును, ఖరీదైన పట్టీకిని దక్కు కీర్తిలో గొంత భాగము ఈ జాతిదే.

ఇంతకంటె గౌరవనీయమైన తప్పుమాట మఱియొకటి కలదు: “కదలక పండుకొనుము.” ఇది ఒకప్పుడు వైద్యులును చెప్పినదే. 1986లో అమెరికాలో వైద్యులు కొందరు, రోగులలో సగముమందిని రెండు దినములు, సగముమందిని ఏడు దినములు పడకపై నుండుడని విధించి చూచిరి. ఏడు దినములు పండుకొన్నవారికి అదనముగా గలిగిన మేలేమియు లేదు. పని దినములు మాత్రమెక్కువ పోయినవి. 1995లో ఫిన్లాండు దేశమున హెల్సింకీ నగరోద్యోగులపై జరిగిన పరీక్షలో, ఓర్చుకొనగలిగినంతమేర తమ నిత్యకృత్యములు తాము చేసికొన్నవారే, పడకపై నుంచబడినవారికంటె శీఘ్రముగా కోలుకొనిరి. అయినను మన యిండ్లలో పడకయే నేటికిని పథ్యముగా చెల్లుచున్నది.

ఇరుగుపొరుగువారు తమ స్కానింగు కాగితములను నాయొద్దకు తెచ్చుచుందురు. ఇంగ్లీషు చదివినవాడనని కాని, వైద్యము చదివినవాడనని కాదు. ఆ కాగితములలో తఱచుగా ‘డీజెనరేషన్’ అను మాట యుండును. అది ఆసుపత్రి గడప దాటి వీధిలోనికి వచ్చునప్పటికి “గుజ్జు అరిగిపోయినది” యగును. అరిగినదను మాటలో ఎంత భయమున్నదో చూడుడు. అరిగిన చెప్పును పారవేయుదుము. అరిగిన నాగటికఱ్ఱును కొలిమికి పంపుదుము. అరిగిన వెన్నునకు కొలిమి లేదు గనుక, ఇక కదలిన కొలదియు నరుగునని తలచి మనుష్యుడు కదలుటయే మానును. నిజమేమనగా, నొప్పి యెన్నడు నెరుగనివారి వెన్నును ఫొటో తీసినను ఇట్టి మార్పులు కనబడును. 2015లో ప్రకటింపబడిన యొక సమీక్షలో, నొప్పి లేని నలువదియేండ్లవారిలో 100కి 68 మందికిని, ఎనుబదియేండ్లవారిలో 100కి 96 మందికిని ఈ మార్పులున్నట్లు తేలినది. తల నెరయుట యెట్టిదో వీనిలో పెక్కు అట్టివి. నెరసిన వెంట్రుకను చూచి ఎవడును మంచమెక్కడు గదా! పైగా ఎముకయు, కండరమును చెప్పుతోలు వంటివి కావు. పనిచేసిన కొలది అరుగుటకు బదులు, తగినంత పనిచేసిన కొలది బలపడునవి.

మా యక్కగారికి 58 ఏండ్లు. రెండేండ్ల క్రిందట ఆమెకు నడుమునొప్పి వచ్చినది. స్కానింగు జరిగినది; అరిగినదను మాట ఇంటికి వచ్చినది. ఆ యిల్లు ప్రేమగల యిల్లు. కుమారుడు బిందె పట్టనీయడు. కోడలు చీపురు ముట్టనీయదు. బావగారు బజారుపని తామే చేసికొనసాగిరి. “నీవు కూర్చుండుము” అను మాట ఆ యింట దినమునకు నూఱుసార్లు వినబడెను. ఆమె నడుమునకు పట్టీ బిగించుకొని కూర్చుండెను. నాలుగు నెలలకు నేను చూడబోవునప్పటికి, గది దాటుటకు గోడ పట్టుకొనుచున్నది. గుడికి పోవుట మానినది. స్నానపు గదికి తోడు లేనిదే పోదు. “నొప్పి సంగతి కాదురా తమ్ముడూ, పడిపోతానేమోనని భయం” అనెను. నొప్పి ఆమెనుండి తీసికొన్నది కొంత. భయమును, మా ప్రేమయును గలిసి తీసికొన్నది అంతకంటె నెక్కువ.

ఆమెను ఫిజియోథెరపీ చేయు నొక యువతియొద్దకు తీసికొనిపోతిమి. ఆమె నడుమును ముట్టకముందు మా యక్కగారు కుర్చీనుండి లేచు విధమును చూచెను. అక్కగారు రెండు చేతులు తొడలపై ఊని, ఊపిరి బిగబట్టి, ఒక ప్రక్కకు ఒరిగి లేచెను. తరువాత పాదములు రెండును చేర్చి కన్నులు మూసికొని నిలువుమనెను. క్షణములో అక్కగారు తూలి నా భుజము పట్టుకొనెను. “నొప్పి నడుములో గదమ్మా, కళ్లు మూయమంటావేమి?” అని అడిగెను. “కళ్లు తెరిచినంతసేపూ వాటిమీద ఆనుకొని నిలబడుతున్నారండీ. మూస్తే మీ కాళ్లకూ నడుముకూ ఎంత తెలుస్తోందో చూడాలి” అని ఆ యమ్మాయి బదులు చెప్పెను.

మనము నిలుచుండుటకు మూడు సాక్షులు కావలయును. కన్ను ఒకటి, లోచెవిలోని తుల్యతాయంత్రము రెండవది, కండరములలోను కీళ్లలోను ఉండి, ఏ యవయవమెచ్చట నున్నదో క్షణక్షణమును మెదడునకు తెలుపు జ్ఞానము మూడవది. నడుమునొప్పి చిరకాలము నిలిచినవారిలో పలువురికి ఈ మూడవ సాక్షి మందగించును. అప్పుడు శరీరము ఇంకొక యుపాయము పన్నును: నడుము చుట్టు నున్న కండరములనన్నిటిని బిగించి, మొండెమును కొయ్యగా చేసికొనును. కావడి మోయువాని నడుగుడు. బద్ద వంగుచు లేచుచుండినంతసేపు బిందెలలోని నీరు తొణకదు. బిఱ్ఱుగా నున్న కొయ్యతో మోసినచో అడుగడుగున చిందును. మొండెమును అంతే. మనమెంత కదలక నిలిచితిమనుకొన్నను శరీరము సన్నగా ఊగుచునే యుండును. వంగు నడుము ఆ యూపును మ్రింగివేయును, బిగిసిన నడుము మ్రింగలేదు. అందుచేత భారమంతయు చీలమండలపై పడి, తూలుడు అధికమగును. బిగువు కాపాడుటకై వచ్చి, కాపాడలేకపోవుచున్నది.

1996లో ఆస్ట్రేలియాలో వెలువడిన పరిశోధనలు రెండు ఇచ్చట తలచుకొనదగినవి. ఆరోగ్యవంతుడు చేయి పైకెత్తునపుడు, చేయి కదలకముందే పొట్టలోని లోపొర కండరము బిగిసి నడుమును సిద్ధపఱచును. నడుమునొప్పి గలవారిలో ఆ బిగువు ఆలస్యముగా వచ్చుచున్నదని యొకటి. పనికి ముందు నడుము కట్టవలెనను మన నానుడి శరీరశాస్త్రములోను నిజమే! నొప్పి పోయినంత మాత్రమున, వెన్నును పట్టియుండు లోతు కండరము తనంతట తాను పూర్వపు పుష్టిని పొందదని రెండవది. నొప్పి తగ్గగానే వ్యాయామము మానువారు ఈ రెండవ మాటను జ్ఞాపకముంచుకొనవలయును.

అక్కగారికి విధింపబడిన చికిత్స చూచిన, ఇదియు చికిత్సయేనా యనిపించును. మొదటి వారము, చేతులు ఊనక కుర్చీనుండి ఐదుమార్లు లేచుట. గుమ్మమునుండి వీధి మొగవఱకు నడచుట. పిదప, గోడకు దగ్గఱగా నిలిచి ఒంటికాలిపై పది లెక్కించుట. రెండవ నెలలో, సగము నిండిన బొక్కెనను తుంటివద్ద వంగి, మోకాళ్లు సడలించి ఎత్తుట. వారము వారము నీరు కొంచెము హెచ్చించుట. పట్టీ తీసివేయబడెను. 2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ప్రకటించిన మార్గదర్శకములలో, చిరకాలపు నడుమునొప్పికి పట్టీలును, బరువులు కట్టి నడుము లాగుటయు తగవని, వ్యాయామమును, వ్యాధిని గూర్చిన బోధయును కావలెనని యున్నది. 2024లో ఆస్ట్రేలియాలో 701 మందిపై జరిగిన పరీక్షలో, క్రమముగా హెచ్చించిన నడకయు, బోధయు పొందినవారికి మరల నొప్పి వచ్చుటకు సగటున 208 దినములు పట్టినది. ఏమియు పొందనివారికి 112 దినములే. నడకకు ఖరీదు లేదు. అందుచేతనే కాబోలు దానికి గౌరవము లేదు.

కొన్ని దినములు ఆమెకు నొప్పి హెచ్చెను. ఇల్లంతయు “చెప్పలేదా, మానివేయుము” అనెను. ఆ యమ్మాయి మాత్రము, “నొప్పి అంటే దెబ్బ తగిలిందని కాదండీ, ఈ రోజు రెండు తగ్గించండి, మానకండి” అని ధైర్యము చెప్పెను. ఆరవ నెలకు అక్కగారు గోడను వదలినది. నొప్పి పూర్తిగ పోలేదు. నేటికిని చలి దినములలో తొంగిచూచును. కాని కూరగాయలకు తానే పోవుచున్నది, గుడిమెట్లు తానే ఎక్కుచున్నది.

ఇక బడిపంతులుగా నేనొక మాట చెప్పవలయును. “నిటారుగా కూర్చుండుడు” అని మేము పిల్లలను గద్దించుచుందుము. నిలువునను, కూర్చుండుటలోను అందఱకును సరిపోవు ఏకైక భంగిమ యొకటి యున్నట్లు ఋజువు కాలేదు. ఎంత చక్కని భంగిమయైనను గంటలకొలది మారక యుండినచో నడుము మొఱపెట్టును. కావున పిల్లవాడు బల్లపై మెదలుట అవిధేయతయే యని యెంచరాదు. వాని నడుము వానికి చెప్పుచున్న బుద్ధిమాట యది. గంటకొకపరి తరగతినంతటిని లేపి నిలుపుట పంతులునకును పిల్లలకును మేలు.

అయితే అందఱకును కదలుడనియే చెప్పుట న్యాయము కాదు. వరినాట్లు వేయు స్త్రీ ఉదయమునుండి సాయంకాలమువఱకు మోకాలిలోతు బురదలో వంగియే యుండును. ఆమెకు అరగంట నడకను ఔషధముగా చెప్పుట పరిహాసము. ఆమెకు కావలసినది కదలిక కాదు, మార్పు. నడుమ నడుమ లేచి నిలుచుటకు వ్యవధి, ఆ వ్యవధికి కోతపడని కూలి. మన యిండ్లలోను ఇంతే. యజమాని నడుము పట్టిన, ఇల్లంతయు మెల్లగా మాటలాడును. ఇల్లాలి నడుము నొచ్చిన, “వయసు గదా” అందురు. ఒకే నొప్పికి ఒకచోట వ్యాధియని, ఒకచోట వయసని రెండు పేర్లు పెట్టుట ఏ శాస్త్రములోను లేదు. పొట్టి చీపురుతో రెండు పూటలు వంగి ఊడ్చుట స్త్రీధర్మమని ఏ స్మృతియు శాసింపలేదు. పొడవైన కఱ్ఱ తొడిగిన చీపురు వెల స్వల్పము. దానిని పట్టుటకు పురుషుని చేయియు పనికివచ్చును.

ఒక హెచ్చరిక కూడ చేయవలయును. నొప్పితోపాటు మలమూత్రముల పట్టు తప్పినను, తొడల నడుమ తిమ్మిరి పట్టినను, కాలు బలము పోయినను, జ్వరమో, కారణము లేక చిక్కిపోవుటయో, పడిన దెబ్బయో యున్నను, ఈ వ్యాసమును మూసి వెంటనే వైద్యునొద్దకు పోవలయును. వంగిన వెన్నులన్నియు ఒక కారణమువలన వంగినవి కావు. నాటి నెల్లూరు మండలమున త్రాగునీటిలోని ఫ్లోరైడువలన వెన్ను బిగిసి మనుష్యులు కొయ్యబారుచున్నారని 1937లోనే వైద్యులు ప్రకటించిరి; తరువాత నల్గొండ పల్లెలు ఆ బాధనే చిరకాలమనుభవించినవి. అట్టిచోట కావలసినది వ్యాయామము కాదు, మంచినీరు.

మిగిలినవారి విషయమున గృహస్థులకు నా విన్నపమొక్కటే. ఇంట నెవరికైన నడుము నొచ్చినచో, సర్వము మాన్పించి మూలను కూర్చుండబెట్టకుడు; సర్వము ఓర్చుకొమ్మనియు చెప్పకుడు. మొదటిది దయ పేర బలమును తీసివేయును, రెండవది ధర్మము పేర బ్రతుకును అరగదీయును. వారు చేయగలిగినది వారిని చేయనిండు, చేయలేనిది పంచుకొనుడు, వారము వారము కొంచెము హెచ్చింపనిండు. సాయంకాలమున “పద, వీధి మొగదాక పోయివత్తము” అని వెంట నడువుడు. ఆ నడకలో సగము మందు నడుమునకు, సగము మందు భయమునకు.