సెలవునాటి కొండదారి

పొట్టకూటికి పరదేశం వెళ్ళిన మనిషి అక్కడ కుదురుకున్నాడా లేదా అని తేల్చేటప్పుడు లోకం సాధారణంగా ఉద్యోగం, అద్దె గది, నివాసపు కార్డు, నెలనెలా ఇంటికి పంపే సొమ్ము అనే నాలుగింటినే లెక్కలోకి తీసుకుంటుంది. ఇవన్నీ అవసరాలు. అవసరం నడిపించిన చోటికల్లా మనిషి వెళ్ళివస్తాడు గాని, అంతమాత్రాన ఆ ఊరితో అతనికి చనువు ఏర్పడదు. ఏ పనీ లేకపోయినా, ఎవరూ రమ్మనకపోయినా వెళ్ళాలనిపించే చోటు ఒకటి దొరికిన తరువాతనే పరాయి ఊరు కొంతైనా సొంతమవుతుంది. గల్ఫ్‌లో పనిచేసే ఉత్తరాంధ్రులలో కొందరికి ఆ చోటు కొండల్లో దొరుకుతుంది.

విశాఖపట్నంలో గాజువాక దగ్గరి ఆటోనగర్ లారీల మరమ్మతు షెడ్లు, లేత్ మిషన్లు, ఫ్యాబ్రికేషన్ యూనిట్లు నిండిన పారిశ్రామికవాడ. 1933లో తెరుచుకున్న ఓడరేవు, 1941లో శంకుస్థాపన జరిగిన నౌకానిర్మాణ కేంద్రం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఈ ప్రాంతాన్ని పనివాళ్ళ గడ్డగా మార్చాయి. ఇక్కడ వెల్డింగో, ఫిట్టింగో, రిగ్గింగో (అంటే బరువైన యంత్రభాగాలను గొలుసులతో, కప్పీలతో ఎత్తి నిలబెట్టే పని) చేతికి వచ్చిన కుర్రవాడు ట్రేడ్ టెస్ట్ పాసై గల్ఫ్ విమానం ఎక్కడం ఈ చుట్టుపక్కల ఎవరికీ వింత కాదు. అతడు పుట్టిన దగ్గరి నుంచి ఒకవైపు యారాడ కొండను, మరొకవైపు సింహాచలం కొండల వరుసను చూస్తూ పెరిగినవాడు. కొండ ఆనవాలుతోనే దిక్కులు పోల్చుకోవడానికి అలవాటుపడినవాడు.

అటువంటివాడు ఒమాన్ దేశపు ఉత్తరతీరంలోని సోహార్‌లో దిగితే, ఆ ఊరి పోలిక చూసి కొంత తెరిపిన పడతాడు. అదీ ఓడరేవు ఊరే, ఉక్కు ఊరే. దానికీ ఒకవైపు సముద్రం, మరొకవైపు హజర్ పర్వతాలు. తేడా అల్లా ముడిసరుకు వచ్చే దారిలోను, దాని నుంచి ఇనుము తీసే తీరులోను ఉంది. విశాఖకు ఇనుపఖనిజం బైలదిల్లా నుంచి అరకు, అనంతగిరి కొండల మీదుగా కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలో దిగివస్తే, సోహార్‌కు అది బ్రెజిల్ నుంచి ఓడల్లో వస్తుంది. విశాఖలో ఖనిజాన్ని బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్‌తో కరిగిస్తే, సోహార్‌లో సహజవాయువు సాయంతో దానిలోని ప్రాణవాయువును తొలగించి స్పంజి ఇనుము చేస్తారు. పని తెలిసినవాడికి ఈ తేడాలు త్వరలోనే అలవాటవుతాయి. అలవాటు కానిది సెలవురోజు. శుక్రవారం బట్టలుతికి, వారానికి సరిపడా సరుకులు తెచ్చి, ఇంటికి వీడియో కాల్ చేసిన తరువాత మిగిలే పొద్దు ఎంతకీ గడవదు. కారున్న తోటి ఉద్యోగి ఒకడు తోడైతే, ఆ పొద్దే కొండదారి పడుతుంది.

సోహార్ నుంచి పడమరగా బురైమీ వైపు వెళ్ళే రోడ్డు వాదీ జిజ్జి అనే లోయగుండా సాగుతుంది. వాదీ అంటే వాన పడినప్పుడు మాత్రమే పారే కొండవాగు. ఉత్తరాంధ్ర మాటలో చెప్పాలంటే గెడ్డ. ఈ లోయలో ఒకచోట మూరెడు, అంతకన్నా పెద్దవి అయిన గుండ్రని రాళ్ళు ఒకదానిమీద ఒకటి ఒత్తుకుని గోడలాగా నిలిచి ఉంటాయి. వీటిని దిండు లావా అంటారు. సముద్రగర్భంలోని పగుళ్ళ నుంచి ఉబికిన లావా చల్లని నీరు తగలగానే పైన పెంకుకట్టడం, లోపలి ద్రవం ఆ పెంకును చీల్చుకుని పక్కన మరో ముద్దగా పొంగడం వల్ల ఈ ఆకారం ఏర్పడుతుంది. దగ్గరగా చూస్తే ఒక్కొక్క రాతికి అంచున త్వరగా గడ్డకట్టిన సన్నని పొర, నడిమి నుంచి అంచుకు పాకిన పగుళ్ళు కనిపిస్తాయి. హజర్ పర్వతాలలోని ఈ భాగం సుమారు 9.5 కోట్ల సంవత్సరాల కిందటి సముద్రపు అడుగు. భూఫలకాల ఒత్తిడికి అది మునిగిపోకుండా నేలమీదికి ఎగబాకింది. ఇటువంటి శిలాసముదాయాన్ని భూవిజ్ఞానులు ఓఫియోలైట్ అంటారు. ఒమాన్‌లోనిది ప్రపంచంలోనే పేరుపడిన ఉదాహరణ. దీనికి భిన్నంగా విశాఖ కొండలు ఖోండలైట్ అనే రాతివి. భూమి లోతున మహావేడిమికి, ఒత్తిడికి రూపుమారి, అంతకన్నా ఎంతో ముందుకాలంలో ఏర్పడినవి. వెల్డింగ్ మంట దగ్గర లోహం కరిగి గట్టిపడడాన్ని రోజూ చూసేవాడికి దిండు లావా కథ విడమరచి చెప్పనవసరం లేదు. పైగా ఆ లోయ పరిసరాలలోనే వేల ఏళ్ళనాడు రాగి తవ్వి కరిగించారు. మెసొపొటేమియా పలకలలో రాగి దేశంగా పేర్కొన్న మగన్ ఈ ప్రాంతమేనని పండితుల అభిప్రాయం. తనకన్నా నాలుగు వేల ఏళ్ళ ముందు కూడా ఇక్కడ కొలిమి వెలిగిందని తెలిసినప్పుడు పనివాడికి ఆ నేలతో ఒక బాంధవ్యం తోస్తుంది.

మరికొంత దూరం వెళ్ళగలిగేవారికి జబల్ అఖ్దర్ ఉంది. సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పీఠభూమిలో దానిమ్మ తోటలు, గులాబీ మడులు పెరుగుతాయి; ప్రతి వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీల వేడి తగ్గడమే దానికి కారణం. అరకు చలి ఎరిగినవాడికి ఇది సులువుగానే బోధపడుతుంది. అయితే ఈ కొండలు కొన్ని కట్టుబాట్లు కూడా నేర్పుతాయి. జబల్ అఖ్దర్ ఘాట్ రోడ్డు మొదట్లో పోలీసులు ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లను తప్ప మరి వేటినీ పైకి పోనివ్వరు. ఎక్కడో ఎగువన పడిన వాన దిగువన ఎండగా ఉన్నప్పుడే వాదీని ముంచెత్తగలదు గనుక, పారే వాదీని బండితో దాటడం అక్కడ శిక్షార్హమైన నేరం. 2024 ఏప్రిల్ వరదల్లో బడిపిల్లలు సహా పలువురు మరణించారు. మబ్బు చూసి వెనుదిరగడం తెలిసిన నాటికి కొత్తవాడు ఆ దేశపు ఋతువులను చదవడం నేర్చుకున్నట్టే.

ఈ అనుభవం అందరికీ అందేది కాదు. ఊరికి దూరంగా ఉన్న క్యాంపుల్లో, బండీ లైసెన్సూ లేక, ఓవర్‌టైమ్ వదులుకోలేక ఉండేవారికి కొండ కిటికీలోంచి కనిపించే దృశ్యంగానే మిగిలిపోతుంది. నివాసం ఉద్యోగ ఒప్పందంతో ముడిపడి ఉండే దేశాలలో కుదురుకోవడమన్నది ఎప్పటికీ తాత్కాలికమే. అందువల్లనే, ఒప్పందంలో ఎక్కడా లేని ఆ సెలవునాటి ప్రయాణానికి అంత విలువ.

ఇదే కొలతతో ఆటోనగర్‌ను కూడా చూడవలసి ఉంది. ఈనాడు అక్కడి షెడ్లలో, చుట్టుపక్కల కర్మాగారాలలో ఒడిశా, బీహార్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవారు కూడా పనిచేస్తున్నారు. భాష రాక, తిండి పడక, ఆదివారం గదికే పరిమితమయ్యేవారికి విశాఖ కూడా ఒక పరదేశమే. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు సింహాచలం కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసే జనంలో ఏ ఊరివాడైనా కలిసి నడవవచ్చు. కాని అది ఏడాదికి ఒక్కనాడు. మిగిలిన ఆదివారాలలో వారిని యారాడ వైపు వెంటబెట్టుకుపోవడానికి ఒక్క తోటిపనివాడు చాలు. సోహార్‌లో కొత్తగా దిగిననాడు తనకూ అటువంటివాడే దారి చూపాడన్నది గల్ఫ్ నుంచి తిరిగివచ్చినవాడికి వేరే చెప్పనక్కరలేదు.