మెరుపు తెరకి... పలుకు చెక్కకి!

తెర మీద గిటారు అనగానే మనకు ముందు గుర్తొచ్చేది దాని మెరుపే! 1973లో వచ్చిన హిందీ 'యాదోం కీ బారాత్'లో జీనత్ అమన్ చేతిలో గిటారు చూసి ఎంతమంది కుర్రకారు నిద్ర పోగొట్టుకున్నారో లెక్కలేదు. ఆ కథే 1975లో తెలుగులో 'అన్నదమ్ముల అనుబంధం' అయింది. ఆ తర్వాత మన హీరోల భుజాలకీ గిటార్లు వేలాడాయి. లైటు పడితే తళతళ!

కానీ ఒక్క మాట. ఆ తళతళకీ, మన చెవికి తగిలే తీగల మోతకీ సంబంధం ఏమిటి? వాయించిన మనిషి రికార్డింగ్ థియేటర్లో ఏ మూలో కూర్చుని ఉంటాడు. ఇళయరాజాగారు కూడా 1976లో 'అన్నక్కిళి'తో సంగీత దర్శకులు కాకముందు జి.కె. వెంకటేష్‌గారి దగ్గర అలా కనిపించకుండా గిటారు వాయించినవారే!

ఈ మెరుపు గొడవ మా ఇంట్లోకీ వచ్చింది. అమ్మ పోయాక ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇరుగుడు చెక్క పందిరిమంచం ఎవరికీ అక్కర్లేని వస్తువైపోయింది. చెల్లెలి ఫ్లాటులో పట్టదు, నా అద్దెగదిలో అసలే పట్టదు. పాత సామాన్లవాడు చెప్పిన ధర వింటే కళ్లు చెమర్చాయి. అప్పుడు గుర్తొచ్చాడు బాబాయ్. వరసకే బాబాయ్ లెండి. విజయవాడ గాంధీనగరం సినిమాహాళ్ల వెనక సందులో చిన్న వడ్రంగి కొట్టు. ఆర్కెస్ట్రా పార్టీల గిటార్లు బాగుచేసి, బాగుచేసి, చివరికి తనే కొత్తవి చెయ్యడం పట్టుబడిన మనిషి.

"ఇరుగుడంటే రోజ్‌వుడ్డేరా అబ్బాయ్! గిటారు వీపుకీ, పక్కలకీ దీన్ని మించింది లేదు. మీ మేనకోడలికి ఒకటి చేసిపెడతా" అన్నాడు.

తలాపు పలకలు కోసి, చిత్రిక పట్టి, పక్కలు వేడి మీద వంచి, మూడు నెలల్లో పెట్టె సిద్ధం చేశాడు. పైపలక మాత్రం తెప్పించిన స్ప్రూస్ చెక్క. బొబ్బిలి వీణకి పనస ఎలాగో, గిటారు పైపలకకి స్ప్రూస్ అలాగ. మూడు మిల్లీమీటర్ల లోపు మందం!

ఇక పూత పని మిగిలింది. అక్కడొచ్చింది పేచీ.

"మావయ్యా, నల్ల రంగు, అద్దంలా మెరవాలి. సినిమాలో గిటారులా!" అంది మా పదిహేనేళ్ల మేనకోడలు.

నల్ల రంగు వేస్తే అమ్మ మంచం ఎక్కడుంటుంది? దోమతెర కర్ర దిగిన కన్నాన్ని బాబాయ్ చిన్న చెక్కముక్కతో పూడ్చాడు. వీపు మీద బొట్టుబిళ్లంత మచ్చ. రంగు కింద అదీ మాయమే. పిల్ల మాట కాదనలేను, ఆ మచ్చనీ వదులుకోలేను. బాబాయ్ ఏ పక్షమూ పట్టలేదు. స్పెయిన్ కథ ఒకటి చెప్పాడు.

ఆంటోనియో డి టోరెస్ అని గిటారు తయారీలో మహానుభావుడు. 1862లో వీపూ పక్కలూ ఉత్త అట్టతో చేసి, పైపలక ఒక్కటే మంచి చెక్కతో బిగించి గిటారు తయారుచేశాడట. శబ్దంలో పెద్ద వాటా పైపలకదేనని నిరూపించడానికి! "అందుకని పలక మీద రంగు మందంగా కొట్టామనుకో, పాడేవాడి నోటికి దుప్పటి కప్పినట్టే" అన్నాడు.

ఆ మాట వింటే నాకు గుండె జారింది. మరి అమ్మ మంచం చెక్క చేసే పనేమిటి? అట్టముక్క చాలేదానికి అంత ఆరాటం ఎందుకు? అదే అడిగాను. బాబాయ్ నవ్వి, "పట్టుకునేది దాన్నే కదరా! వాయిస్తున్నంత సేపూ గుండెకి ఆనుకునుండేది వీపే" అన్నాడు.

సంక్రాంతి వెళ్లాక పొడి రోజులు చూసి పని మొదలెట్టాం. ముందు గరుకు కాగితం: 220 నంబరు, 320, ఆపైన 400. తడిగుడ్డతో తుడిస్తే చెక్క నూగు లేస్తుంది. ఆరనిచ్చి మళ్లీ రుద్దాలి. ఇరుగుడులో దాని సొంత నూనె ఉంటుంది, అది పైపూతని ఆరనివ్వదు. కాబట్టి స్పిరిట్‌తో తుడిచి, పల్చగా లక్క పాలిష్ ఒక చెయ్యి. స్ప్రూస్ పలకకీ అంతే. లేకపోతే ఆ మెత్తటి చెక్క నూనె తాగేస్తుంది. బ్రిడ్జి అంటించే చోటా, మెట్ల పలక మీదా టేపు వేశాడు. నూనె తగిలిన చెక్కని జిగురు పట్టుకోదు. డెబ్బై కిలోల లాగుడు మీద బ్రిడ్జి ఊడి వచ్చిందంటే ఇంతే సంగతులు!

అప్పుడు గుడ్డముక్క పిల్ల చేతికిచ్చాడు. "నువ్వే రాయమ్మా."

కాచిన అవిసె నూనె. మూడు చుక్కలు. గుడ్డ వెళ్లినంత మేరా పాలిపోయిన చెక్కలోంచి ఊదా, నలుపు, ఎరుపు చారలు పైకి తేలాయి! పిల్ల నోరు తెరిచింది. మచ్చ దగ్గర ఆగి, "అమ్మమ్మ మంచానిదా?" అంది. అంతే, నల్ల రంగు మాట మళ్లీ ఎత్తలేదు.

నూనె పని రాయడంలో లేదండీ, తుడవడంలో ఉంది. పావుగంట ఆగి, మిగిలిందంతా పొడిగుడ్డతో తీసెయ్యాలి. అతిగా ఉంచితే జిడ్డుగా, బంకగా మిగిలిపోతుంది. ఈ నూనె నీళ్లలా ఆవిరైపోదు. గాలిలోని ప్రాణవాయువుని పట్టుకుని గట్టిపడుతుంది. అలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. అందుకే వాడిన గుడ్డల్ని ముద్దచేసి పారేస్తే వాటంతటవే అంటుకుంటాయి! బాబాయ్ ప్రతి గుడ్డనీ నీళ్లలో ముంచి, ఆరుబయట విడివిడిగా తీగ మీద ఆరేసేవాడు. చెక్కపొట్టు నిండిన కొట్టు కదా!

రోజుకో పల్చటి పూత, ఆరు రోజులు. మరో రెండు వారాలు ముట్టుకోవద్దన్నాడు. పిల్లకి అది రెండేళ్లు! తర్వాత టేపు ఊడదీసి బ్రిడ్జి అంటించి, రాత్రంతా బిగించి ఉంచాడు. నట్ అరగదీసి, ఆరు తీగలూ ఎక్కించి, ఒక్కొక్కటే శ్రుతి పెంచుతూ పోయాడు. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. బ్రిడ్జి కదల్లేదు. పైపలక నిలబడింది.

పిల్ల మొదటి తీగ మీటింది. కొత్త చెక్క కొంచెం బిగుతుగా పలికింది. "వాయిస్తూ ఉండమ్మా, విచ్చుకుంటుంది" అన్నాడు బాబాయ్. మోత ఆగాక కూడా గిటారుని గుండెకి ఆనించుకునే కూర్చుంది మా పిల్ల.

సినిమా గిటారులా మెరవదు ఇది. సాయంత్రపు ఎండలో తేనెరంగుగా ఉంటుంది, అంతే. కానీ నూనెపూతకో సుగుణం ఉంది: గీత పడినా, వెలిసిపోయినా, మళ్లీ మూడు చుక్కలు రాసి తుడిస్తే చాలు. ఏటా సంక్రాంతికి ఆ పని తనదేనని మా మేనకోడలు ఇప్పుడే ప్రకటించేసింది. గుడ్డలు ఆరేసే డ్యూటీ మాత్రం మావయ్యదట!